రిబ్ స్వెటర్ ఫినిషింగ్: మెడ, భుజం, పక్కలు, ఎక్కడ ఏది మేలు?

ముందు భాగం, వెనక భాగం, రెండు చేతులు అల్లేసరికి చాలామందికి ఓపిక అయిపోతుంది, ఇక ఎలాగోలా కుట్టేసి తొడిగేసుకుందాం అనిపిస్తుంది. ప్లెయిన్ అల్లిక అయితే కొంచెం అటూ ఇటూ అయినా సర్దుకుపోతుంది గానీ రిబ్ అలా కాదు. రిబ్ అంటే నిట్ (సూటి కుట్టు), పర్ల్ (తిరగేసిన కుట్టు) నిలువు చారలుగా మారుతూ వచ్చే అల్లిక. నిట్ వరసలు పైకి తేలి పర్ల్ వరసలు లోపలికి పోయి ముడుచుకోవడం వల్లే దానికి ఆ సాగే గుణం వస్తుంది, లాగితే వెడల్పవుతుంది వదిలేస్తే మళ్ళీ దగ్గరికొస్తుంది. ఫినిషింగ్‌లో మనం దాన్ని ఎక్కడ బిగించేస్తే అక్కడ స్వెటర్ పట్టేస్తుంది. అలాగని అన్నిచోట్లా సాగనివ్వడం కూడా తప్పే, భుజం సాగిందంటే చేతులు మోచేతి దాకా జారతాయి. కాబట్టి ఒకే పద్ధతి పట్టుకుని మొత్తం స్వెటర్ చుట్టేయొద్దు.

మెడ దగ్గర మొదలుపెడదాం, అసలు తలనొప్పి అక్కడే. పెద్దవాళ్ళ తల చుట్టుకొలత ఇంచుమించు 55-57 సెంటీమీటర్లు ఉంటుంది, మెడ పట్టీ అంత సాగాలి, తల దూరాక మళ్ళీ మెడకి దగ్గరగా రావాలి. చిన్నపిల్లలకైతే ఒంటితో పోలిస్తే తలే పెద్దది, అంచు బిగుసుకుపోతే తొడిగిన ప్రతిసారీ చెవులు ఎర్రబడి ఏడుపే.

మామూలు బైండాఫ్, అంటే కుట్లు మూసి అంచు ముగించడం, అందరికీ చేతికొచ్చిందే, ఒక కుట్టుని ఇంకో కుట్టు మీంచి దాటించుకుంటూ పోవడం, పది నిమిషాల్లో అయిపోతుంది, కాకపోతే పైన గొలుసులాంటి గట్టి అంచు వస్తుంది, అది సాగదు. అల్లిన దానికన్నా ఒకటి రెండు సైజులు పెద్ద సూది తీసుకుని, నిట్‌ని నిట్‌గా పర్ల్‌ని పర్ల్‌గా అల్లుకుంటూ మూస్తే చాలావరకు నెట్టుకురావచ్చు. పర్ల్ వచ్చినా సరే అన్నీ నిట్‌గానే లాగించేస్తారు కొందరు, అప్పుడే అంచు వంకరగా తిరుగుతుంది.

తర్వాత దారంతో కుట్టి మూసే పద్ధతి, దీన్ని బాగా ప్రచారంలోకి తెచ్చింది ఎలిజబెత్ జిమ్మర్‌మన్, ఇంగ్లండ్‌లో పుట్టి అమెరికాలో విస్కాన్సిన్‌లో స్థిరపడ్డ అల్లిక గురువు. అంచు పొడవుకి మూడింతల దారం వదిలి కత్తిరించి, మొన మొద్దుగా ఉండే పెద్ద సూదికి ఎక్కించాలి. రెండు కుట్లలోంచి కుడి నుంచి ఎడమకి దూర్చి లాగాలి, మళ్ళీ వెనక్కొచ్చి మొదటి కుట్టులోంచి ఎడమ నుంచి కుడికి దూర్చి దాన్ని సూది మీంచి వదిలేయాలి, అంతే, చివరిదాకా ఇదే. బాగా సాగుతుంది, 2×2 (రెండు నిట్, రెండు పర్ల్) రిబ్‌కి కూడా ఇబ్బంది లేకుండా పనిచేస్తుంది. అంచు మాత్రం రిబ్‌లో కలిసిపోదు, కొంచెం వేరుగా తెలుస్తుంది.

మూడోది ట్యూబులర్ బైండాఫ్. షాపులో కొన్న స్వెటర్ మెడ చూడండి, అంచు ఎక్కడ ఆగిందో తెలియకుండా గుండ్రంగా లోపలికి తిరిగిపోయినట్టు ఉంటుంది కదా, చేత్తో అది రావాలంటే ఇదే దారి. ముందు రెండు వరసలు ప్రిపరేషన్, ఒక వరసలో నిట్‌లు మాత్రమే అల్లి పర్ల్‌లని అల్లకుండా దాటించడం, ఇంకో వరసలో దాటించినవి అల్లి అల్లినవి దాటించడం, ఆ తర్వాత నిట్‌లన్నీ ముందు వరస పర్ల్‌లన్నీ వెనక వరస అనుకుని రెంటినీ సూదీ దారంతో కలిపేయడం. టైమ్ పడుతుంది, మధ్యలో ఫోన్ వస్తే ఎక్కడున్నామో మర్చిపోతాం, దారం పదేపదే లాగడం వల్ల పీచు లేస్తుంది కూడా. కానీ 1×1 (ఒక నిట్, ఒక పర్ల్) రిబ్ మెడకి నా ఓటు దీనికే, కళ్ళు మూసుకుని వేస్తా. 2×2కి ఇది చేయాలంటే ముందు కుట్ల వరస మార్చుకోవాలి, ఆ తంటా ఎందుకు, జిమ్మర్‌మన్ పద్ధతి చాలు. యార్న్ ఓవర్లు (సూది మీద దారం అదనపు చుట్టు) వేసుకుంటూ మూసే సాగుడు బైండాఫ్‌లు కూడా ఉన్నాయి, అవి సాక్సులకి బాగుంటాయి, మెడకి వేస్తే అంచు గొడుగులా విచ్చుకునే ప్రమాదం ఉంది.

భుజాల దగ్గర లెక్క పూర్తిగా తిరగబడుతుంది. స్వెటర్ బరువంతా వేలాడేది అక్కడే కాబట్టి సాగని కుట్టే కావాలి. మామూలు బైండాఫ్ చేసి, వెనక్కొస్తూ ముందుకెళ్ళే గట్టి కుట్టైన బ్యాక్ స్టిచ్‌తో కుట్టొచ్చు, లేదా మూడు సూదుల బైండాఫ్‌తో ముందు భాగం భుజాన్నీ వెనక భాగం భుజాన్నీ కలిపి ఒకేసారి మూసేయొచ్చు. రెండోదే మేలు, పని తక్కువ, కుట్టు లావుగా ఉబ్బదు.

పక్కలకి మాత్రం బ్యాక్ స్టిచ్ వద్దండి బాబూ, లోపల దట్టంగా గీతలా ఉబ్బి చంకలో గుచ్చుకుంటుంది, సాగదు కూడా. మ్యాట్రెస్ స్టిచ్ వేయండి. రెండు ముక్కల మంచివైపు మనకి కనిపించేలా పక్కపక్కన పరిచి, అంచు కుట్టుకీ దాని పక్క కుట్టుకీ మధ్య నిచ్చెన మెట్లలా అడ్డంగా కనపడే దారాల కింద నుంచి ఒకసారి ఇటు ఒకసారి అటు సూది పోనిచ్చి, ఓ నాలుగైదు వరసలకోసారి మెల్లగా లాగితే రెండు అంచులూ దగ్గరికొచ్చి కుట్టు మాయమైపోతుంది. ఇది కుదరాలంటే అల్లిక మొదలుపెట్టేటప్పుడే లెక్క చూసుకోవాలి. 2×2 అయితే నాలుగు గుణిజానికి రెండు కలిపి, రెండు నిట్లతో మొదలై రెండు నిట్లతో ముగిసేలా వేసుకోండి, కుట్టులోకి చెరో నిట్ పోతే బయట రెండు మిగులుతాయి, రిబ్ తెగకుండా సాగిపోతుంది. 1×1 అయితే బేసి సంఖ్య వేసుకుని నిట్‌తో మొదలుపెట్టి నిట్‌తో ముగించండి, కుట్టేటప్పుడు అంచు కుట్టులో సగమే తీసుకోండి.

ఇక బ్లాకింగ్, అంటే అల్లినదాన్ని సరైన ఆకారానికి తేవడం, తడపడమా ఆవిరి పట్టడమా? ముందు ఉండ మీద లేబుల్ చూడండి. మన దగ్గర చవగ్గా దొరికే ఉండల్లో యాక్రిలిక్ బాగా ఎక్కువ, దానికి ఇస్త్రీ పెట్టె ఆవిరి గట్టిగా తగిలిందంటే రిబ్ చచ్చిపోయి గుడ్డలా వాలిపోతుంది, మళ్ళీ లేవదు. అసలు ఊలైనా సరే రిబ్ మీద పెట్టె ఆనించి నొక్కకూడదు. నామటుకు రెండింటికీ తడపడమే మేలు. గోరువెచ్చని నీళ్ళలో ఓ పావుగంట నానబెట్టి, పిండకుండా తువ్వాల్లో చుట్టి అదిమి, ఆరిన తువ్వాలు మీద పరిచి, రిబ్‌ని చేత్తో దగ్గరికి నెట్టి వదిలేయడం. పిన్నులు పెట్టి లాగొద్దు. దండెం మీద అసలే వేయొద్దు, నీళ్ళ బరువుకి మోకాళ్ళ దాకా దిగుతుంది. ఈ తడిపే పని ముక్కలుగా ఉన్నప్పుడే చేస్తే అంచులు చదునుగా ఉండి మ్యాట్రెస్ స్టిచ్ సులువవుతుంది.

మిగిలిన దారం కొసల్ని వెనకవైపు నిట్ వరస వెంబడి నిలువుగా దూర్చండి, అడ్డంగా దూరిస్తే అక్కడ సాగడం ఆగిపోతుంది. ఓ పదిహేను సెంటీమీటర్లు వదిలి ఉంటే ఏ బాధా లేదు, ఒకసారి ఉతికి తొడిగి చూశాకే దగ్గరికి కత్తిరించండి.