పగిలిన కుండకు పారలాయిడ్ బి-72

బృహత్ శిలా సమాధుల్లో (పెద్ద రాళ్లతో కట్టిన పురాతన సమాధుల్లో) దొరికే నలుపు-ఎరుపు కుండల పెంకులను అతికించడానికి నేను నమ్ముకున్నది పారలాయిడ్ బి-72నే. ఇది అసిటోన్ అనే ద్రావకంలో కరిగే యాక్రిలిక్ రెసిన్. ఈ రెసిన్ గింజలను పలుచని గుడ్డలో మూటగట్టి, అసిటోన్ పోసిన గాజు సీసాలో వేలాడదీస్తే అడుగున గడ్డకట్టకుండా నిదానంగా కరుగుతాయి.

నాకు అన్నిటికన్నా నచ్చిన గుణం, ఇది మళ్లీ విడిపోవడం. అంచు వెంట్రుకవాసి తప్పినా సరే, కుంచెతో అసిటోన్ రాస్తే అతుకు మెత్తబడుతుంది, పెంకుకు గీత కూడా పడదు. ఎపాక్సీ జిగురు పూసిన పాత కుండలను విప్పడంలో ఎంత యాతన ఉందో చూశాను. వేల ఏళ్ల నాటి మట్టిపాత్రకు దాన్ని వాడటం అన్యాయమే అంటాను. అతికించిన పెంకును ఇసుక తొట్టెలో నిలబెట్టి, బరువు అతుకు మీద నిలువుగా పడేలా చూడాలి. పక్కకు ఒరిగితే తరువాతి ముక్క పట్టదు.

దీనికి గండం మన ఎండలే. సుమారు 40 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది కాబట్టి, మే నెలలో ఏసీ లేని గదిలో పెద్ద కుండల అతుకులు జారే ప్రమాదం ఉంది. అలాంటి చోట ఇంకా ఎక్కువ వేడికి నిలిచే ఇదే కోవ రెసిన్ బి-44ను కలపడం మేలు.

ఖాళీల్లో ప్లాస్టర్ నింపడం పాత పద్ధతి. ఇప్పుడు ఫొటోగ్రామెట్రీతో, అంటే పలు కోణాల్లో తీసిన ఫొటోలతో, త్రీడీ నమూనా తీసి, లేని ముక్కను త్రీడీ ప్రింటర్‌లో ముద్రించి పెడుతున్నాను. దీంతో తడి ప్లాస్టర్ కుండ పాత మట్టిని తాకదు. ఆ ముక్కకూ బి-72 చక్కగా సరిపోతుంది. ఏబీఎస్ ప్లాస్టిక్‌తో మాత్రం ముద్రించకండి, అసిటోన్ దాన్ని కరిగించేస్తుంది.