కోస్టారికాలో లెదర్‌బ్యాక్ తాబేళ్ళ కాపలా: రెండు వారాల వాలంటీర్ కార్యక్రమంపై సమీక్ష

న్యూజెర్సీలో ఉంటున్న నేనూ, డిగ్రీ చదువుతున్న మా అమ్మాయీ కిందటి ఏప్రిల్‌లో కోస్టారికాకు వెళ్ళి, కరీబియన్ తీరాన లిమోన్ పట్టణానికి ఉత్తరంగా ఉన్న ఒక పరిశోధన కేంద్రంలో రెండు వారాల పాటు లెదర్‌బ్యాక్ తాబేళ్ళ సంరక్షణకు వాలంటీర్లుగా పనిచేసి వచ్చాం. మమ్మల్ని పంపింది ఒక మధ్యవర్తి ఏజెన్సీ. ఆ ఏజెన్సీ మీద నాకు ఏర్పడిన అభిప్రాయమూ, తీరంలో నిజంగా పని నడిపిస్తున్న కేంద్రం మీద ఏర్పడిన అభిప్రాయమూ ఒక్కటి కావు కాబట్టి రెండింటినీ విడివిడిగా చెబుతాను. పేర్లు మాత్రం రాయడం లేదు. వెళ్ళదలచినవారికి డబ్బు కట్టే ముందు ఏమేమి అడగాలో తెలిస్తే చాలు.

సముద్ర తాబేళ్ళన్నింటిలోకీ లెదర్‌బ్యాక్ పెద్దది. మూడు నాలుగు వందల కిలోల బరువుండే ఈ జీవికి మిగతా తాబేళ్ళలాగా గట్టి డిప్ప ఉండదు; నల్లని తోలు కప్పిన వీపు మీద పొడవునా ఏడు గట్లు ఉంటాయి. జెల్లీఫిష్‌లను తిని బతుకుతుంది. చేపల వలలు, గుడ్ల దొంగతనం, కోతకు గురవుతున్న తీరాలు కలిసి దీన్ని అంతరించే ప్రమాదంలోకి నెట్టాయి. మేము పనిచేసిన తీరానికి వచ్చే వాయవ్య అట్లాంటిక్ లెదర్‌బ్యాక్‌లను అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం (ఐయూసీఎన్) 2019లో అంతరించిపోయే ప్రమాదమున్న జాబితాలో చేర్చింది. అదే దేశపు పసిఫిక్ తీరంలో పరిస్థితి మరీ ఘోరం: 1980ల చివర్లో ఒక్క సీజన్‌లో వెయ్యికి పైగా ఆడ తాబేళ్ళు వచ్చిన ప్లాయా గ్రాండేలో ఇప్పుడు వాటిని వేళ్ళ మీద లెక్కపెట్టుకోవలసి వస్తోంది.

కేంద్రానికి రోడ్డు లేదు. కాలువ వెంట పడవలో వెళ్ళాలి. చేరిన రోజు సాయంత్రమే మూడు గంటల శిక్షణ ఇచ్చారు. అందులో సగం సమయం ఏమేమి చేయకూడదో చెప్పడానికే సరిపోయింది. తెల్ల లైటు వెలిగించకూడదు, గస్తీకి ఫోను తీసుకెళ్ళకూడదు, లేత రంగు బట్టలు వేసుకోకూడదు, చేతులకు దోమల మందు రాసుకుని గుడ్లను తాకకూడదు, తాబేలు తల వైపు నుంచి దగ్గరికి పోకూడదు. శిక్షణ ఇచ్చిన అమ్మాయి ఇసుకలో ఉత్తుత్తి గూడు తవ్వించి, మోచేయి దాటి భుజం దాకా చేయి దూర్చి తవ్వితే తప్ప అసలు లోతు రాదని చూపించింది. గూడు కూజాలాగా ఉండాలి: మెడ సన్నగా, అడుగున వెడల్పుగా. నేను తవ్విన మొదటి మూడు గూళ్ళూ మొహమాటం లేకుండా పూడ్చేయించింది. ఈ కేంద్రం మీద నాకు గౌరవం కలిగింది అక్కడే.

గస్తీ రాత్రి ఎనిమిదికి ఒక జట్టు, అర్ధరాత్రికి ఇంకో జట్టు. ఒక్కో జట్టు నాలుగైదు గంటలు నడవాలి. అలలు తెచ్చి పడేసిన దుంగలు ఆ తీరమంతా అడ్డంగా పడి ఉంటాయి; వెన్నెల లేని రాత్రి, వానలో, కాలి కింద ఏముందో తెలియకుండా స్థానిక గైడు అడుగుల వెంటే నడవడం తప్ప చేయగలిగింది లేదు. మొదటి నాలుగు రాత్రుల్లో మాకు ఒక్క తాబేలూ కనబడలేదు. ఐదో రాత్రి రెండు గంటల వేళ గైడు చటుక్కున ఆగి చేయి అడ్డం పెట్టారు. నీటి అంచు నుంచి పైకి, ట్రాక్టరు వెళ్ళినట్టుగా, బారెడు వెడల్పున ఇసుక దున్నిన జాడ ఉంది. దాని చివర చీకట్లో ఇంకా నల్లగా, ఊపిరి తీస్తున్న పెద్ద ఆకారం.

తాబేలు గుంత తవ్వుతుంటే వెనక నుంచి చూడాలి. ఒక వెనక కాలిని లోపలికి దించి, అంచును దోసిలిలా ముడిచి, గుప్పెడు ఇసుకను ఒక్క రేణువు జారకుండా పైకి తెచ్చి పక్కన పెడుతుంది. వెంటనే రెండో కాలు తన ముందున్న ఇసుకను దూరంగా చిమ్మి, లోపలికి దిగుతుంది. తన కళ్ళకు ఎన్నడూ కనిపించని ఆ గుంతను అది కొలత పెట్టినట్టు తవ్వుతుంది. పోటు వచ్చినప్పుడు అక్కడికి నీళ్ళు చేరతాయని గైడు తేల్చడంతో గుడ్లను తరలించాలని నిర్ణయించారు. మా అమ్మాయి బోర్లా పడుకుని, గుంతలోకి చేతులు చాచి సంచి పట్టుకుంది. పెద్ద నిమ్మకాయంత తెల్లని గుడ్లు, జిగురు ద్రవంతో పాటు రెండేసి మూడేసిగా సంచిలోకి జారాయి. చివర్లో పచ్చసొన లేని చిన్న చిన్న గుడ్లు గోలీల్లా పడ్డాయి. నేను టేపుతో కొలిస్తే వీపు పొడవు 152 సెంటీమీటర్లు వచ్చింది. వెనక కాలికి ఉన్న లోహపు ట్యాగు నంబరును గైడు రెండుసార్లు పైకి చదివి, నాతో రెండుసార్లు రాయించారు. అది పాత తాబేలే, ఇదివరకు కూడా ఆ తీరానికి వచ్చి వెళ్ళినదే.

గుడ్లను కొద్ది గంటల లోపే, అటూ ఇటూ దొర్లించకుండా హేచరీకి (పిల్లలు వచ్చేదాకా గుడ్లను కాపాడే చోటికి) చేర్చి పాతిపెట్టాలి. ఆలస్యమైతే లోపల పెరగబోయే పిండానికి ప్రమాదం. మేము పాతిపెట్టినవి సొన ఉన్నవి 78, లేనివి 31. పగటి పూట హేచరీ కాపలా కూడా వాలంటీర్లదే. పీతలను తరమడం, ఈగలు వాలకుండా గూళ్ళ మీద వల సరిచేయడం, ఇసుక ఉష్ణోగ్రత రాసుకోవడం తప్ప అక్కడ మరో పని లేదు. ఉష్ణోగ్రత ఎందుకంటే, ఇసుక సుమారు 29 డిగ్రీలు దాటితే పుట్టే పిల్లల్లో ఆడవి ఎక్కువ, తగ్గితే మగవి ఎక్కువ. అందుకే పైన నీడ కోసం పరదా కడతారు. విసుగు పుట్టించే పనే, కానీ డబ్బు కట్టి వచ్చినవారి వినోదం కోసం కల్పించిన పని కాదు. జూన్ చివర్లో కేంద్రం నుంచి మెయిల్ వచ్చింది: మా గూటి నుంచి 44 పిల్లలు సముద్రంలోకి వెళ్ళాయట. మిగతా గుడ్లను తవ్వి తీసి, ఏ దశలో ఆగిపోయాయో పట్టిక కూడా జత చేశారు. ఎక్కడికి వెళ్ళదలచినా ఈ పట్టిక గురించి ముందే అడగండి. గూటి వారీగా లెక్క చూపలేని చోటికి నేనైతే వెళ్ళను.

భద్రత గురించి కూడా చెప్పాలి. 2013 మే 30 అర్ధరాత్రి వేళ లిమోన్ దగ్గరి మొయిన్ తీరంలో లెదర్‌బ్యాక్ గూళ్ళకు కాపలా తిరుగుతున్న 26 ఏళ్ళ హైరో మోరా సాందోవాల్‌ను దుండగులు చంపారు. ఆయనతో ఉన్న విదేశీ వాలంటీర్లను నిర్బంధించారు. మేము పనిచేసిన కేంద్రం ఈ విషయాన్ని దాచకుండా మొదటి రోజే చెప్పింది. గుడ్లు ఎత్తుకుపోయేవారు ఎదురైతే వాదించకుండా వెనక్కి రావాలన్నది అక్కడ తిరుగులేని నియమం. గైడ్లలో ఇద్దరు ఒకప్పుడు గుడ్లు అమ్ముకున్నవారే. ఇప్పుడు నెల జీతం మీద పనిచేస్తున్నారు. ఏ చీకట్లో తాబేలు ఎక్కడ తేలుతుందో వాళ్ళకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు.

బస సంగతి రెండు మాటల్లో: బల్లల మీద పరుపులు, దోమతెరలు, సోలార్ దీపాలు. మూడు పూటలా అన్నం, నల్ల చిక్కుడు గింజలు, వేయించిన అరటికాయ. శాకాహారులకు ఇబ్బంది లేదు, మేము పట్టుకెళ్ళిన ఆవకాయ మాత్రం నాలుగో రోజుకే వంటవాళ్ళ పాలైంది.

ఇక ఏజెన్సీ. ఇద్దరికీ కలిపి 3,700 డాలర్లు తీసుకున్నారు. అందులో సగం కంటే తక్కువే కేంద్రానికి చేరిందని అక్కడికి వెళ్ళాక తెలిసింది. నేరుగా మెయిల్ రాసి వచ్చిన ఒక జర్మన్ జంట మాకంటే చాలా తక్కువ కట్టింది. కరపత్రంలో అరచేతిలో తాబేలు పిల్లను పట్టుకున్న బొమ్మ వేసి, ఏప్రిల్ తేదీలు మాకు అంటగట్టారు. మార్చి నుంచి పెట్టే గుడ్లు పిల్లలు కావడానికి దాదాపు రెండు నెలలు పడుతుందని, పైగా పిల్లలను చేతిలోకి తీసుకోవడం ఆ కేంద్రంలో నిషిద్ధమని వాళ్ళకు తెలియకపోవడానికి వీల్లేదు. పడవ తప్పిపోయి లిమోన్‌లో ఒక రాత్రి ఉండవలసి వస్తే, వాళ్ళ ఇరవై నాలుగు గంటల నంబరు ఎవరూ ఎత్తలేదు. ఫిర్యాదుకు జవాబుగా వచ్చింది తదుపరి యాత్రకు పది శాతం తగ్గింపు కూపను.

ఇండియాలో ఉన్నవారు ఇందుకోసం అంత దూరం పోనక్కరలేదు. ఏటా చలికాలంలో ఆలివ్ రిడ్లీ అనే సముద్ర తాబేళ్ళు మన తీరానికి వస్తాయి. చచ్చి కొట్టుకొచ్చిన వాటిని కాకినాడ, విశాఖ వాసులు చూస్తూనే ఉంటారు. విశాఖ తీరంలో అటవీ శాఖ హేచరీలు నడుస్తున్నాయి. మాకు న్యూజెర్సీ నుంచి లిమోన్ దగ్గర, అంతే.

కేంద్రానికి ఐదుకు నాలుగున్నర ఇస్తాను. అర మార్కు తగ్గించింది, స్పానిష్ రానివారికి గైడ్ల మాటలు చెప్పే మనిషి ప్రతి జట్టులో లేకపోవడం వల్ల. ఏజెన్సీకి ఒకటి. వెళ్ళేవారు లెదర్‌బ్యాక్‌ల కోసమైతే ఏప్రిల్, మే నెలలు, పిల్లలను చూడాలంటే జూన్ ఎంచుకోండి. ముదురు రంగు పొడుగు చేతుల చొక్కాలు మూడు, మోకాలి దాకా వచ్చే రబ్బరు బూట్లు తప్పనిసరి. మేము మామూలు బూట్లతో వెళ్ళి, రెండు వారాలూ తడి కాళ్ళతోనే తిరిగాం.