పాత బాయిలర్‌కి కొత్త లెవెల్ సెన్సార్: ఫ్లోటా, ఎలక్ట్రోడా?

బాయిలర్లో నీటి మట్టం కనిపెట్టే సెన్సార్ గురించి మండపేట, రామచంద్రపురం వైపు ఉప్పుడు బియ్యం మిల్లుల వాళ్లు తరచూ అడిగే మాట ఇది: "ఫ్లోట్ స్విచ్ పోయిందండి. మళ్లీ అదే వేయించమంటారా, ఎలక్ట్రోడ్లకి మారమంటారా?" ఈమధ్యే ఒక మిల్లులో ఈ నిర్ణయం నేనే తీసుకున్నాను కాబట్టి, ఏం చూసి తీసుకున్నానో చెబుతాను. ఫ్లోట్ అంటే నీళ్ల మీద తేలుతూ మట్టంతో పాటు లేచి దిగే బుడ్డి, ఎలక్ట్రోడ్ అంటే నీళ్లు తగిలితే కరెంటు పోనిచ్చే కడ్డీ.

అందరూ ముందు ధర అడుగుతారు. నేను ముందు చూసేది, అది పాడైన రోజున ఏమని చెబుతుందని. నీళ్లు లేకపోయినా ఉన్నాయని చెప్పే సెన్సార్ కంటే అసలు సెన్సార్ లేకపోవడమే నయం, అప్పుడు ఫైర్‌మన్ గేజ్ గ్లాస్ (నీటి మట్టం కనిపించే గాజు గొట్టం) మీదే కన్నేసి ఉంచుతాడు. ఊక బాయిలర్లో ఇది మరీ ముఖ్యం. ఆయిల్ బర్నరైతే ట్రిప్ కాగానే (నీళ్లు తగ్గాయని దానంతటదే ఆగగానే) మంట ఆరిపోతుంది. ఊక పొయ్యిలో ఫ్యాను ఆగినా, ఊక పడటం ఆగినా, లోపలి నిప్పు చాలాసేపు కణకణలాడుతూనే ఉంటుంది. ట్యూబులు నీళ్లలోంచి బయటపడి కాలిపోక ముందే, బాగా ముందే, పొయ్యి కట్ కావాలి.

ఫ్లోట్‌కి చిల్లు పడితే నీళ్లు నిండి మునిగిపోతుంది. లెవెల్ తక్కువుందని చెబుతుంది, పంపు ఆగదు, ఆవిరి లైన్లోకి నీళ్లు పోతాయి. నష్టమే, కానీ ట్యూబులు కాలవు. అదే ఫ్లోట్ బురదలో ఇరుక్కుని పైనే ఆగిపోతే, నీళ్లు అడుగంటుతున్నా నిండుగా ఉందనే చెబుతుంది. లోపలి అయస్కాంతానికి తుప్పు రజను పట్టేసినా అంతే. రోజూ చాంబర్ (ఫ్లోట్ ఉండే గది) బ్లోడౌన్ ఇచ్చి బురద కడిగేసే ఫైర్‌మన్ ఉన్నచోట ఫ్లోట్ ఏళ్ల తరబడి పనిచేస్తుంది, అందులో సందేహం లేదు.

ఎలక్ట్రోడ్‌లో కదిలే భాగమే లేదు. కడ్డీకి నీళ్లు తగిలితే చిన్న కరెంటు బాయిలర్ బాడీకి పోతుంది, దాన్ని రిలే (స్విచ్‌లా పనిచేసే పరికరం) పట్టుకుంటుంది. వైరు తెగినా, కడ్డీకి స్కేల్ (నీళ్లలోని సున్నపు పొర) పట్టినా నీళ్లు లేవనే చెబుతుంది, బాయిలర్ ఆగుతుంది. నాకు కావలసింది ఆ గుణమే. దీనికీ ఒక చెడ్డ దారి ఉంది. ఇన్సులేటర్ మీద తడి, ఉప్పు పేరుకుంటే కరెంటు అటు నుంచే బాడీకి పోయి, లేని నీళ్లు ఉన్నట్టు చూపిస్తుంది. నురగ కట్టినా అలాగే మోసం చేస్తుంది.

అసలు చిక్కు మన నీళ్లతోనే. కాలువ నీళ్లు వాడినన్నాళ్లూ ఇబ్బంది ఉండదు. వేసవిలో కాలువలు కట్టేశాక బోరు మీద పడతాం. నరసాపురం, రాజోలు వైపు ఆ నీళ్లు ఎంత ఉప్పగా, కఠినంగా ఉంటాయో చెప్పక్కర్లేదు. సాఫ్ట్‌నర్ (నీటి కాఠిన్యం తీసే యంత్రం) సరిగా నడవకపోతే కడ్డీలకి స్కేల్ పట్టి ఊరికే ట్రిప్ అవుతుంది. నానిన ధాన్యం ఆవిరి కోసం ఎదురుచూస్తుంటుంది, యజమాని కేకలేస్తాడు, ఎవరో ప్యానెల్లో జంపర్ వైరు వేసి కటాఫ్‌ని తప్పించేస్తారు. ఆ జంపర్ తీసేవాళ్లుండరు. అందుకే సాఫ్ట్‌నర్ బాగుచేయించకుండా ఎలక్ట్రోడ్ పెట్టించుకోవద్దని గట్టిగా చెబుతున్నాను.

మేం చివరికి చేసిందేమిటంటే, పంపు ఆన్ ఆఫ్‌కి కొత్త ఫ్లోట్, లో-లెవెల్ కటాఫ్‌కి విడిగా ఎలక్ట్రోడ్. రెండూ వేర్వేరు చాంబర్లలో, వేర్వేరు పద్ధతుల్లో పనిచేస్తాయి కాబట్టి ఒకే బురద రెండింటినీ ఒకేసారి మూయదు. ఒక్కటే పెట్టే స్తోమత ఉంటే, సాఫ్ట్‌నర్ నడిచే మిల్లులో నేను ఎలక్ట్రోడ్ వైపే. రిలే కడ్డీకి ఏసీ ఇచ్చేదే తీసుకోండి, డీసీ అయితే కడ్డీ తినేస్తుంది.

ఇక మిగతా రకాలు. డీపీ ట్రాన్స్‌మిటర్ (ఒత్తిడి తేడాతో మట్టం చూసేది) పెద్ద ఫ్యాక్టరీలకి బాగుంటుంది, చూసుకునే ఇన్‌స్ట్రుమెంట్ మనిషి ఉండాలి. రాడార్ మంచిదే, మిల్లు బాయిలర్‌కి ఖర్చు దండగ. అల్ట్రాసోనిక్ (శబ్ద తరంగాలతో చూసేది) ఆవిరిలో పనికిరాదు, చల్లని నీళ్ల ట్యాంకుకి పెట్టుకోండి.

ఏది పెట్టినా బాయిలర్‌కి ముందే ఉన్న నాజిళ్లే (పైపు మూతులే) వాడండి. బాయిలర్ షెల్‌కి కొత్తగా రంధ్రం, వెల్డింగ్ అంటే బాయిలర్ల శాఖ అనుమతి కావాలి. బిగించాక చాంబర్ డ్రెయిన్ తెరిచి కటాఫ్ పడితే చాలనుకోవద్దు. డ్రెయిన్ మూశాక చాంబర్ ఎంతసేపట్లో నిండుతుందో చూడండి. నెమ్మదిగా నిండుతోందంటే బాయిలర్‌కి కలిపే పైపు మూసుకుపోతోందన్నమాట. సెన్సార్ జోలికి పోకుండా ముందు ఆ పైపు విప్పించండి.