ఫోటో కింది నల్ల పట్టీ: మా బత్తాయి తోట కెమెరాతో మూడేళ్లు

జంతువుల ఫోటోల కోసం తోటలో చెట్టుకు కట్టిన ఈ కెమెరా తీసే ప్రతి ఫోటో కిందా వేలెడు మందాన ఒక నల్ల పట్టీ వస్తుంది. అందులో తేదీ, టైము, అప్పటి వేడి ఎన్ని డిగ్రీలో ఆ అంకె, ఆ రాత్రి చంద్రుడు ఎంత ఉన్నాడో చూపే చిన్న బొమ్మ ఉంటాయి. కొన్న కొత్తలో నేను దాని వంక కూడా చూడలేదు. ఇప్పుడు ఫోటో తెరిస్తే నా కన్ను ముందు అక్కడికే పోతుంది. ఈ కెమెరా గురించి రాయమంటే నాకు ఎక్కువగా ఆ పట్టీ గురించే రాయాలనిపిస్తుంది.

మాది దేవరకొండ వైపు బత్తాయి తోట. ఇల్లు తోటలోనే, ఊరికి కిలోమీటరున్నర దూరంలో. బోరు పక్కన పశువుల కోసం మామయ్య కట్టించిన సిమెంటు తొట్టి ఉంది. బర్రెలను అమ్మేసి చాలా ఏళ్లయింది గానీ, తొట్టి నింపడం అత్తమ్మ మానలేదు. పొద్దున లేచి చూస్తే తొట్టి చుట్టూ తడి మట్టిలో రకరకాల అడుగులు. కొన్ని కుక్కవే అనిపించేవి, కొన్ని ఎవరివో అంతుబట్టేవి కావు. ఆ అడుగులు ఎవరివో తెలుసుకోవాలనే కెమెరా తెప్పించాం. అడవుల్లో జంతువుల లెక్కకు కడతారే, ఆ రకం పెట్టె. ముందు నుంచి ఏదైనా కదిలితే తనే ఫోటో తీసుకుంటుంది. వేపమానుకు మోకాలి ఎత్తులో బెల్టుతో బిగించాం. మెగాపిక్సెళ్లు, కార్డు సైజు వంటివి డబ్బా మీదే ఉంటాయి, వాటి జోలికి పోను.

మొదటి నెలంతా పండగే. ముంగిస, కుందేలు, నెమళ్లు, ఉడుము, పిల్లలతో వచ్చిన అడవి పంది, ఒక రాత్రి బావురుపిల్లి. పొద్దున చాయ్ తాగుతూ కార్డు ల్యాప్‌టాప్‌లో పెట్టడం, అత్తమ్మ పక్కన కుర్చీ వేసుకుని కూర్చోవడం ఇంట్లో అలవాటైపోయింది. రెండు మూడు నెలలకు కొత్త జంతువులు రావడం ఆగిపోయింది. సరిగ్గా అప్పుడే పట్టీ నన్ను పట్టుకుంది.

ఆ రోజుల్లో ముంగిస ఎప్పుడు చూసినా పొద్దున ఎనిమిది, తొమ్మిది మధ్యలోనే. నెమళ్లు దానికి కాస్త ముందు, మళ్లీ సాయంత్రం ఐదు తర్వాత. నక్క మాత్రం మేం లైట్లు ఆర్పేసిన గంటకు. అంటే అది మా ఇంటి లైట్లు చూసి వస్తోంది! పెళ్లికి వెళ్లి ఇంటికి ఆలస్యంగా వచ్చిన రోజు అదీ ఆలస్యంగానే వచ్చింది. ఇది కేవలం ఫోటో చూస్తే తెలియదు. టైము పక్కన టైము పెట్టి చూస్తేనే తెలుస్తుంది. నేను ఒక పాత లెక్కల నోటుబుక్కులో రాసుకోవడం మొదలుపెట్టాను.

చంద్రుడి బొమ్మ సంగతి ఇంకా బాగుంటుంది. ఏదుపంది మా తొట్టికి పాత చుట్టం. తొట్టి అడుగున ఒక పగులుంది, అక్కడ ఎప్పుడూ కొంచెం చెమ్మ. పైదాకా అందదు కాబట్టి అది ఆ చెమ్మలోనే మూతి పెట్టి చాలాసేపు ఉంటుంది. ముళ్లు వెనక్కి పడుకుని ఉంటాయి, తోక దగ్గరవి మాత్రం కాస్త విచ్చుకుని. కొన్ని రాత్రులు వరసగా వచ్చేది, తర్వాత నాలుగైదు రోజులు జాడ ఉండేది కాదు. రెండేళ్ల ఫోటోలు వరుసగా పెట్టి చూస్తే, అది రాని రోజులన్నిట్లో ముందూ వెనకా ఫోటోల పట్టీల్లో బొమ్మ నిండుగా ఉంది. పున్నమి దగ్గరపడితే రాదు, వచ్చినా చంద్రుడు గుంకాక తెల్లవారుజామున వస్తుంది. అమావాస్య వైపు అయితే ఎనిమిదికే హాజరు. వెన్నెల్లో ఏదుపందులు బయట తిరగడం తగ్గించుకుంటాయని వన్యప్రాణుల మీద పని చేసేవాళ్లు చెప్పిందేనట. నాకది మా తొట్టి దగ్గరే కనబడింది. ఆ రోజు నాకు కలిగిన సంతోషం ఇంత అని చెప్పలేను.

ఏదుపంది చెమ్మలో మూతి పెట్టిన ఫోటోలు చూశాకే తొట్టి పక్కన నేల మట్టానికి ఒక గోలెం పాతిపెట్టాం, ఏదుపందికీ కుందేలుకూ అందేలా. తొట్టిలో ఒక ఏటవాలు రాయి కూడా పెట్టాం, ఉడుతలు పడితే ఎక్కి బయటికి రావాలని. అంతకుముందు ఏటా ఒకటి రెండు చచ్చి తేలేవి.

ఇక రెండో ఎండాకాలం కథ. ఈ కెమెరా కొనాలనుకునేవాళ్లు మిగతాది చదవకపోయినా ఇది చదవాలి.

మా వైపు మే నెలలో 44, 45 డిగ్రీలు కొత్త కాదు. ఆ ఏడు మే రెండో వారంలో కార్డు తీసి చూస్తే పగటిపూట జంతువుల ఫోటోలు లేవు. ఒక రోజు కాదు, వరసగా తొమ్మిది రోజులు. రాత్రివి ఉన్నాయి, తెల్లవారుజామువి ఉన్నాయి. పదకొండు దాటాక సాయంత్రం దాకా ఒక్క జీవి లేదు. గాలికి ఊగే ఎండుగడ్డి ఫోటోలు మాత్రం వందల కొద్దీ.

అత్తమ్మ ముఖం మారిపోయింది. "ఏడికి వోయినయి బిడ్డా ఇవన్నీ? ఎవలన్న ఏమన్న చేసిన్రా?" అంది. ఆమె భయం ఊరికే పుట్టింది కాదు. పందుల కోసం కొందరు చేను చుట్టూ కరెంటు తీగ కడతారు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అది నేరమని తెలిసినా కడతారు, ఆ తీగలకు మనుషులు కూడా పోతున్నారు. పైగా ఆ వారమే దగ్గర్లో ఒక తోటలో పురుగుమందు కొట్టారు. ఆ నీళ్లు తాగాయేమోనని నాకూ టెన్షన్ పట్టుకుంది. ఇద్దరం కలిసి గట్ల వెంట తిరిగాం, ఎక్కడైనా నెమలి ఈకలు రాలి ఉన్నాయేమోనని. ఏమీ దొరకలేదు. కానీ తొట్టిలో నీళ్లు మాత్రం పొద్దటికీ సాయంత్రానికీ నాలుగు వేళ్లు దిగుతూనే ఉన్నాయి.

అమ్మినవాళ్లకు ఫోన్ చేస్తే బ్యాటరీలు మార్చమన్నారు. ఎనిమిదీ కొత్తవి వేశాం. ఫలితం లేదు. కార్డు మార్చమన్నారు. మార్చాం. మూడోసారి ఫోన్ ఎత్తలేదు.

చివరికి ఒక మధ్యాహ్నం నేను వంటింటి కిటికీ దగ్గర కూర్చున్నాను. ఒంటిగంట దాటాక రెండు ఆడ నెమళ్లు వచ్చాయి. నోరు తెరుచుకుని, రెక్కలు ఒంటికి ఎడంగా పెట్టుకుని వగరుస్తున్నాయి. గోలెం దగ్గర మెడ వంచి ఒక గుక్క, మెడ ఎత్తి మింగడం, మళ్లీ వంచడం. కెమెరాకు సరిగ్గా పది అడుగుల దూరంలో. అవి వెళ్లాక ముంగిస కూడా వచ్చి తాగి పోయింది. పరుగున వెళ్లి కార్డు తీసి చూస్తే ఆ గంటలో వాటి ఫోటో ఒక్కటీ లేదు. జంతువులు ఎక్కడికీ పోలేదు, కెమెరాకే కనబడటం లేదు. అత్తమ్మకు చెప్తే ముందు కొంగుతో కళ్లు తుడుచుకుంది.

కారణం పట్టిచ్చింది మళ్లీ ఆ పట్టీయే. తొమ్మిది రోజుల జంతువుల ఫోటోల్లో పొద్దున చివరిది ఏదో, సాయంత్రం మొదటిది ఏదో నోటుబుక్కులో రాశాను. టైములు వేరువేరు. డిగ్రీలు మాత్రం దాదాపు అన్నీ ఒకటే: 38, 39, 38, 38. అంటే వేడి ఆ అంకె దాటగానే కళ్లు మూసుకుంటోంది, దిగగానే తెరుస్తోంది.

ఈ పెట్టెలో ఉండే సెన్సర్ కదలికను కంటితో చూసినట్టు చూడదు. జంతువు ఒంటి వేడికీ, వెనక నేల వేడికీ మధ్య తేడా కదిలితే పట్టుకుంటుంది. ముంగిసకైనా పందికైనా ఒంటి వేడి 38 చిల్లర, పక్షులకు 40 దాటుతుంది. వేప నీడలో మా నేల కూడా అంతే వేడెక్కితే ఇక తేడా ఎక్కడిది? చలికాలంలో నలభై అడుగుల అవతల పోయే నక్కను పట్టిన సెన్సర్, మే నెలలో పది అడుగుల్లో ఉన్న నెమలిని వదిలేసింది అందుకే. ఎండలో కాగిన గడ్డి ఊగితే మాత్రం అక్కడ తేడా ఉంటుంది కాబట్టి టపటపా తీసేస్తుంది. ఈ ముక్క డబ్బాలో వచ్చిన కాగితంలో ఎక్కడా లేదు. ఫోన్లో మాట్లాడినవాళ్లూ చెప్పలేదు. నా కోపమల్లా దానికే. మా లాంటి ఎండ ప్రాంతాలకు అమ్ముతున్నప్పుడు ఆ ఒక్క వాక్యం రాసి ఉంటే మేం అన్ని రోజులు గట్ల వెంట ఈకలు వెతుక్కునేవాళ్లం కాదు.

తర్వాత మూడు పనులు చేశాం. కెమెరాను ఉత్తరం ముఖంగా తిప్పి గోలేనికి ఆరడుగుల దగ్గరికి తెచ్చాం. ముందున్న గడ్డి కోసేశాం. మార్చి నుంచి జూన్ దాకా పగటిపూట సెన్సర్‌ను నమ్మకుండా, ఐదు నిమిషాలకు ఒక ఫోటో తనంతట తీసేలా పెట్టాం. నాలుగోది అత్తమ్మ చేసింది. పిచ్చుకల కోసమని పన్నెండింటికి గోలెం చుట్టూ రెండు బిందెల నీళ్లు చల్లడం మొదలుపెట్టింది. తడి నేల చల్లబడితే దాని మీద నిలబడ్డ జంతువు సెన్సర్‌కు మళ్లీ తెలుస్తోంది కాబోలు, ఒంటిగంట ఫోటోలు తిరిగి వచ్చాయి. అన్నీ కాదు, సగమన్నా.

ఇప్పుడు పైన పొగిడిన పట్టీ గురించే ఒకటి రెండు మాటలు సర్దుకోవాలి. అందులో కనబడే వేడి గాలిది కాదు, పెట్టెది. నీడలో ఉన్నంతసేపు నమ్మవచ్చు. ఎండ నేరుగా పడితే 50 దాటి చూపిస్తుంది. ఇంకొకటి, బ్యాటరీలు తీసి కాస్త ఆలస్యంగా వేస్తే గడియారం ఎప్పటిదో జనవరి 1కి వెళ్లిపోతుంది. మొదటి వానాకాలంలో అలా మూడు వారాలు నడిచింది. పునుగుపిల్లి మొదటిసారి వచ్చింది ఆ మూడు వారాల్లోనే. ఒంటి మీద చుక్కల వరసలు, తోకకు గాజులు తొడిగినట్టు నల్ల వలయాలు, తలెత్తి నిలబడిన ఎంత మంచి ఫోటో! "తిరుపతిల దేవునికి పూసే తైలం దీనిదే బిడ్డా" అని అత్తమ్మ దండం పెట్టుకుంది. అది ఏ రాత్రి వచ్చిందో నా నోటుబుక్కులో నేటికీ ఖాళీయే.

రాత్రి వెలుగు విషయం. ఎర్రగా మినుకుమనే రకం ఒకటి, అసలు కనబడని రకం ఒకటి ఉంటాయి. మేం కనబడనిది తీసుకున్నాం. దొంగలకూ కనబడదు, జంతువులూ బెదరవు. బెదరవనే చాలా రోజులు అందరికీ చెప్పాను. కానీ ఏదుపంది, బావురుపిల్లి చాలా ఫోటోల్లో తిన్నగా కెమెరా వైపే చూస్తున్నాయి. చెవి పెట్టి వింటే రాత్రి ఫోటో తీసేముందు లోపల సన్నగా టక్‌మంటుంది. వాటికి అది వినబడుతోంది కాబోలు. పారిపోవడం లేదు గనక సరిపెట్టుకున్నాను. ఈ రకంలో వెలుగు దూరం కూడా పోదు, తొట్టి దాటితే చీకటే. రీఛార్జి బ్యాటరీలు వేస్తే రాత్రి ఫోటోలు ఇంకా నల్లబడ్డాయి.

చీమలు కూడా ఒకసారి లోపల గూడు పెట్టాయి. బ్యాటరీల మధ్య తెల్లటి గుడ్లు, పక్కన సన్న మట్టి. కుంచెతో దులిపి, మూత చుట్టూ రబ్బరు మార్పించాం. అప్పటి నుంచి ఆ బాధ లేదు.

దసరా ముందు నెలలో పాలపిట్ట ఒకటి మిడత కోసం తొట్టి ముందు దిగింది. రెక్కలు విప్పిన క్షణంలో పడింది ఫోటో, ఆ నీలం అంతా పరుచుకుని. దాన్ని ఫ్రేము కట్టించాం. అయినా దసరా నాడు అత్తమ్మ పొలాల వెంట నడిచి వెళ్లి అసలు పిట్టను చూసే ఇంటికొచ్చింది. ఫోటోలో చూసింది లెక్కలోకి రాదట.

కొనమంటానా అంటే, మా పరిస్థితి వేరు. ఇల్లు తోటలోనే ఉంది, రోజూ కార్డు తీసి చూసే తీరిక నాకుంది, పక్కన చూసేందుకు ఒక మనిషి ఉంది. మేం పెట్టినది తొమ్మిది వేల చిల్లర, దాని మీద బ్యాటరీలు. చలికాలంలో ఒక సెట్టు మూణ్ణెల్లు దాటి వస్తుంది, ఎండాకాలంలో మూడు వారాలు రావడం కష్టం. పట్నంలో ఉంటూ నెలకోసారి వచ్చేవాళ్లకు సిమ్ కార్డుతో ఫోన్‌కు పంపే రకమే మేలేమో, మా దగ్గర సిగ్నల్ అందదు కాబట్టి నేను వాడలేదు. పందుల నుంచి పంట కాపాడుకోవాలని కొంటే మాత్రం దండగ. అవి వచ్చి తిని పోయాక ఎన్నింటికి తిన్నాయో చెప్తుంది, అంతే. నా మటుకు నేను ఇది పాడైతే ఇంకోటి ఇలాంటిదే కొంటాను, గోలెం నీడలో ఉన్నంతకాలం.

కొన్నవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. బ్యాటరీలు మార్చిన ప్రతిసారీ ముందు తేదీ, టైము చూసుకోండి, మూత ఆ తర్వాతే వేయండి.