ప్రైవేటు యూనివర్సిటీయా, కన్వీనర్ సీటా? మా మేనకోడలి కోసం వేసిన లెక్క

2024 కనుమ రోజు గారెలు తింటూ మా బావమరిది విషయం బయటపెట్టాడు. "బావా, పాపకి ప్రైవేటు యూనివర్సిటీలో సీఎస్‌ఈ, అదే కంప్యూటర్ సైన్స్ సీటు వచ్చిందంట. పాతిక వేలు కడితే బ్లాక్ చేస్తారంట. నెలాఖరు దాటితే ఫీజు పెరుగుద్దంట."

పాప అప్పటికి ఇంటర్ సెకండియర్ పరీక్షలే రాయలేదు. ఇంజనీరింగ్ సీట్ల కోసం రాష్ట్రం పెట్టే ఈఏపీసెట్ మేలో. మరి సీటెలా వచ్చిందంటే, ఆ యూనివర్సిటీ వాళ్లే కాలేజీకి వచ్చి గంటసేపు ఓ పరీక్ష పెట్టారు. క్లాసులో సగం మందికి 'స్కాలర్‌షిప్' లెటర్లు చేతిలో పెట్టి వెళ్లారు. నేను నోరు తెరిచేలోపే మావాడు పాతిక వేలు కట్టేశాడు. కట్టాక అడిగాడు, ఇది మేలా, ఈఏపీసెట్ ర్యాంకుతో కౌన్సెలింగ్‌లో తక్కువ ఫీజుకి వచ్చే కన్వీనర్ కోటా మేలా అని.

తెనాలిలో ఓ బ్యాంకులో లోన్ల సీట్లో కూర్చుంటాను. చదువు లోన్ల కాగితాలు రోజూ నా చేతుల మీదుగానే పోతాయి. అందుకని ముందు ఆ లెటర్ తెమ్మన్నాను.

ట్యూషన్ ఫీజు ఏడాదికి 3.40 లక్షలు. స్కాలర్‌షిప్ కింద లక్ష తగ్గింపు. ఇది పెద్ద అక్షరాల్లో ఉంది. కింద చిన్న అక్షరాల్లో ఉన్నది వేరు: రెండో ఏడాది నుంచి సీజీపీఏ, అంటే పదికి వేసే మార్కుల సగటు, 8.5కి తగ్గకూడదు, ఒక్క బ్యాక్‌లాగ్ (తప్పిన సబ్జెక్టు) ఉన్నా తగ్గింపు రద్దు. హాస్టలు, మెస్సు కలిపి 1.30 లక్షలు. తగ్గింపు నాలుగేళ్లూ నిలిస్తే దాదాపు 15 లక్షలు, మొదటి ఏడాదితో ఆగిపోతే 18 లక్షలకు దగ్గర. మా ఊరి నుంచి బస్సులో వెళ్లొచ్చే అటానమస్ (సిలబస్, పరీక్షలు సొంతంగా పెట్టుకునే) కాలేజీలో కన్వీనర్ ఫీజు, బస్సు ఫీజు కలిపినా నాలుగేళ్లకు ఐదు లక్షలు దాటదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తే ఇంకా తగ్గుతుంది. అది ఎప్పుడు పడుతుందో తెలియక ముందు మనల్నే కట్టమంటారనుకోండి, అది వేరే గొడవ.

తేడా 10 నుంచి 13 లక్షలు. మావాడు అర ఎకరం బేరం పెడతానన్నాడు. పొలం జోలికి పోవద్దు, లోను లెక్క చూడమన్నాను. 10 లక్షలు, 10.5 శాతం వడ్డీ, పదేళ్లు అంటే నెలకు దాదాపు 13,500 కిస్తీ. చదువుకునే నాలుగేళ్లలో కట్టని వడ్డీ అసలులో కలుస్తుంది కాబట్టి నిజానికి ఇంకా ఎక్కువే. పెద్ద ఐటీ కంపెనీల్లో ఫ్రెషర్‌కి మామూలుగా ఇచ్చే ప్యాకేజీ ఏళ్ల తరబడి మూడున్నర లక్షల దగ్గరే ఆగిపోయింది. చేతికొచ్చేది పాతిక, ముప్ఫై వేలు. హైదరాబాద్‌లో హాస్టల్ అద్దె కట్టి, ఈ కిస్తీ కట్టాక పిల్ల దగ్గర ఏం మిగులుతుంది?

కేంద్రం చదువు లోన్ల పథకం పీఎం విద్యాలక్ష్మి వచ్చాక, విద్యాసంస్థలకు కేంద్రం ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల్లో పైనున్న ప్రైవేటు సంస్థలకు కూడా తనఖా, హామీదారు లేకుండా లోను వస్తోంది. మంచిదే. కానీ లోను సులువుగా దొరకడం వేరు, తీర్చడం వేరు. తీర్చలేని వాళ్లు కూడా నా కౌంటర్ దగ్గరికే వస్తారు.

ఇక్కడ పేర్ల తికమక ఒకటుంది. రాష్ట్ర చట్టం కింద వచ్చిన ప్రైవేటు యూనివర్సిటీలు వేరు. అమరావతి దగ్గరి ఎస్‌ఆర్‌ఎం, విట్ అలాంటివే. వడ్లమూడి విజ్ఞాన్, వడ్డేశ్వరం కేఎల్, విశాఖ గీతం డీమ్డ్ యూనివర్సిటీలు, కేంద్రం గుర్తింపుతో నడుస్తాయి. 1977లో కాలేజీగా మొదలైన విజయవాడ సిద్ధార్థ కూడా ఇప్పుడు డీమ్డే. ఈ తేడా మనకెందుకంటే, రాష్ట్ర చట్టాన్ని సవరించి ప్రైవేటు యూనివర్సిటీల్లో 35 శాతం సీట్లు కన్వీనర్ కోటాకి పెట్టారు. అంటే అదే క్యాంపస్, అదే క్లాసు, ఈఏపీసెట్ ర్యాంకుతో చాలా తక్కువ ఫీజుకి! జనవరిలో ఫోన్ చేసే పీఆర్వో ఈ మాట చెప్పడు, చెబితే అతని టార్గెట్ ఏం కావాలి? ర్యాంకు వచ్చేదాకా ఆగితే ఈ దారి కూడా తెరుచుకునే ఉంటుంది. డీమ్డ్‌లకు ఈ చట్టం వర్తించదు.

ఏప్రిల్‌లో ముగ్గురం క్యాంపస్ చూడ్డానికి వెళ్లాం. గేటు దగ్గర బ్యాటరీ బండి ఎక్కించుకుని ఈతకొలను, ఇండోర్ స్టేడియం, ఏసీ లైబ్రరీ చూపించారు. పాప కళ్లు మెరిశాయి, తప్పు పట్టలేను. మంచినీళ్ల వంకతో నేను బండి దిగి సీఎస్‌ఈ బ్లాకులోకి వెళ్లాను. నోటీసు బోర్డు మీద ఫస్టియర్ టైంటేబుళ్లు అంటించి ఉన్నాయి. ఏ సెక్షన్, బీ సెక్షన్... చూసుకుంటూ పోతే ఎస్ దాకా ఉంది. పంతొమ్మిది సెక్షన్లు! సెక్షన్‌కి అరవై మంది అనుకున్నా వెయ్యి దాటారు. ఇంతమందికీ పాఠం చెప్పే లెక్చరర్లలో పీహెచ్‌డీ ఉన్నవాళ్లు ఎందరని కౌన్సెలర్ని అడిగితే బ్రోచర్ ఇచ్చాడు. కాలేజీలు మాత్రం తక్కువ తిన్నాయా అంటే, లేదు. ఇంజనీరింగ్ కాలేజీలకు అనుమతులిచ్చే ఏఐసీటీఈ సీట్ల మీద పరిమితి ఎత్తేశాక అవి కూడా అదే దారి పట్టాయి. మనం సెక్షన్లు లెక్కపెట్టుకోవాల్సింది రెండు చోట్లా.

ప్లేస్‌మెంట్ల సంగతి. హైవే హోర్డింగ్ మీద అరకోటి ప్యాకేజీ ఒకరికి వస్తుంది. ఎన్‌ఐఆర్‌ఎఫ్‌కి సంస్థ ఇచ్చిన డేటా పీడీఎఫ్‌ దాని వెబ్‌సైట్‌లోనే ఉంటుంది. అందులో ఎందరు చేరారు, సమయానికి ఎందరు పాసయ్యారు, ఎందరికి ఉద్యోగాలొచ్చాయి, మీడియన్ జీతం ఎంత అన్నవి మూడేళ్లవి వరసగా ఉంటాయి. మీడియన్ అంటే సగం మందికి అంతకన్నా తక్కువే అని అర్థం. ఆ కాగితం రెండు సంస్థలదీ పక్కపక్కన పెట్టి చూస్తే పది నిమిషాల్లో టెన్షన్ సగం తగ్గింది. మేం చూసిన ఆ రెండింటి మధ్య మీడియన్ తేడా 13 లక్షల ఖర్చుకి సరిపోయేంత లేదు. సంస్థల నాణ్యత తనిఖీ చేసి న్యాక్ ఇచ్చే గ్రేడ్ చూసి మురిసిపోవడం మాత్రం మానేశాను. 2025 ఫిబ్రవరిలో గ్రేడ్ కోసం లంచం కేసులో తనిఖీ బృందం సభ్యుల్నే సీబీఐ అరెస్టు చేసింది మరి.

అలాగని ప్రైవేటు యూనివర్సిటీ ఎవరికీ వద్దని కాదు. మా బ్యాంకు కొలీగ్ కొడుకు ఎకనామిక్స్ చదవాలన్నాడు, పక్కన డేటా సైన్స్ సబ్జెక్టులు కూడా తీసుకుంటానన్నాడు. ఇంజనీరింగ్ కాలేజీలో అది కుదిరే పని కాదు. క్రెడిట్ల పద్ధతిలో సబ్జెక్టులు ఎంచుకునే వీలు, లా, డిజైన్, లిబరల్ ఆర్ట్స్ లాంటివి ఒకే చోట దొరకడం అక్కడి అసలు బలం. ఇతర రాష్ట్రాల పిల్లల మధ్య మెలిగి ఇంగ్లిష్ బెరుకు కూడా పోతుంది. ఇంకొకటి, ర్యాంకు లక్ష దాటి, ల్యాబ్‌కి తాళం వేసి ఉండే కాలేజీ తప్ప వేరే దారి లేనప్పుడు, అప్పు లేకుండా కట్టగలిగితే యూనివర్సిటీయే నయం. కానీ సీఎస్‌ఈ సీటు కోసమే, అప్పు చేసి, మంచి అటానమస్ కాలేజీలో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) వచ్చే అవకాశం వదులుకుని వెళ్లడం నాకు నచ్చదు. ఈసీఈ చదివి సాఫ్ట్‌వేర్‌లో చేరినవాళ్లు మా వీధిలోనే నలుగురున్నారు.

జూన్ 11న ఫలితాలొచ్చాయి. పాప ర్యాంకు 31 వేలు దాటింది. 35 శాతం కోటాలో సీఎస్‌ఈ అందలేదు. జులై కౌన్సెలింగ్‌లో బస్సులో వెళ్లొచ్చే కాలేజీలో ఈసీఈ వచ్చింది. ఆ సాయంత్రం అన్నం తినలేదు. "మావయ్యా, నా ఫ్రెండ్సంతా అక్కడే చేరుతున్నారు" అంది. దానికి నా దగ్గర లెక్క లేదు.

కట్టిన పాతిక వేలు తిరిగి ఇవ్వబోమని ఆ యూనివర్సిటీ వాళ్లు మొదట అన్నారు. ఆ ఏడాది సెప్టెంబరు 30 లోపు రద్దు చేసుకుంటే మొత్తం వాపసు ఇవ్వాలని యూనివర్సిటీలను నియంత్రించే యూజీసీ ఇచ్చిన ఆదేశాన్ని జత చేసి మెయిల్ పెట్టాం. రెండుసార్లు గుర్తుచేశాక దసరా లోపు డబ్బు పడింది. దాంతో పాపకి ల్యాప్‌టాప్‌కి అడ్వాన్స్ కట్టాం. ఇప్పటికీ ఆ క్యాంపస్ ఫెస్ట్ రీల్స్ వస్తే ఫోన్ పక్కన పెట్టేసి లోపలికి వెళ్లిపోతుంది.