నీలం స్టిక్కర్ కాలిబ్రేషన్ వాళ్లకి పని ఇచ్చే ముందు ఒక్కసారి ఇది చదవండి

ఎవరి గురించి చెబుతున్నానో ఈ ఫీల్డ్‌లో ఉన్నవాళ్లకి ఇట్టే తెలిసిపోతుంది, పేరు రాయను. ప్లాంట్ ఆపి రిపేర్లు చేసుకునే షట్‌డౌన్‌లో ఎలక్ట్రిక్ ఆక్చుయేటర్ల (మోటారుతో వాల్వ్‌ని తెరిచి మూసేవి) కాలిబ్రేషన్, అంటే ఇచ్చిన సిగ్నల్‌కి తగ్గట్టు కదులుతున్నాయో లేదో కొలిచి సరిచెయ్యడం, మొత్తం వాళ్లకే అప్పజెప్పాం. పని పూర్తయిందన్నారు, స్టిక్కర్లు అంటించారు, ఫైలు చేతిలో పెట్టి సంతకం పెట్టించుకుని వెళ్లిపోయారు. ఫైలు మాత్రం భలే ఉంది. పేజీ పేజీకీ ప్లాస్టిక్ కవరు కూడా.

స్టార్టప్‌లో, ఆవిరి లైను మీది గ్లోబ్ వాల్వ్ దగ్గర బండారం బయటపడింది. కంట్రోల్ రూమ్ నుంచి 4 మిల్లీయాంప్ సిగ్నల్ ఇచ్చాం, అంటే పూర్తిగా మూసుకోవాలి (20 ఇస్తే పూర్తిగా తెరుచుకోవాలి). స్క్రీన్ మీద ఫీడ్‌బ్యాక్, అంటే వాల్వ్ ఎంత తెరిచి ఉందో ఆక్చుయేటర్ చెప్పే అంకె, సున్నా శాతం. అంతా సవ్యంగానే ఉన్నట్టు లెక్క. కానీ వాల్వ్ అవతలి లైనులో టెంపరేచర్ ఎక్కుతూనే ఉంది. కిందికి వెళ్లి, రిమోట్ (కంట్రోల్ రూమ్ అదుపు) తీసేసి, హ్యాండ్‌వీల్ పట్టుకుని తిప్పితే ఇంకా మూసుకునే వైపు హాయిగా తిరుగుతోంది! అదే షట్‌డౌన్‌లో ఆ వాల్వ్‌కి లోపలి ప్లగ్గు, అది వెళ్లి కూర్చునే సీటు మార్చాం. మూసుకునే చోటు మారిపోయింది కాబట్టి జీరో మళ్లీ సెట్ చెయ్యాలి. వాళ్లను పిలిచిందే అందుకు. ఎవరూ ముట్టుకోలేదు. ఆక్చుయేటర్ పాత జీరో దగ్గర ఆగిపోయి మూసేశానని చెబుతోంది, పాపం దాని తప్పేముంది.

అప్పుడు కూర్చుని ఫైలు చదివాను. 4, 8, 12, 16, 20 మిల్లీయాంప్‌ల దగ్గర రీడింగులు వరసగా 0, 25, 50, 75, 100 శాతం. ఎర్రర్ 0.00. పైకి వెళ్లేటప్పుడు 0.00, కిందికి వచ్చేటప్పుడూ 0.00. గేర్లున్న మిషను, ఏళ్ల తరబడి నడిచినది, బ్యాక్‌లాష్ (గేరు పళ్ల మధ్య వదులు) అన్నదే లేకుండా ఉంటుందా? ఊరికే అటూ ఇటూ ఆడకుండా, చిన్న తేడాల్ని పట్టించుకోవద్దని డెడ్‌బ్యాండ్ అని ఒకటి పెట్టుకుంటాం కదా, ఆ మేరకైనా కాస్త తేడా కనపడాలా వద్దా? తర్వాతి పేజీ తిప్పితే అవే అంకెలు. ఆ తర్వాతి పేజీలోనూ అవే. ట్యాగ్ నంబరు (ఏ వాల్వో గుర్తించే నంబరు) మాత్రం మార్చారు, అంత శ్రమ తీసుకున్నారు. వాడామని రాసిన లూప్ కాలిబ్రేటర్‌కి (మిల్లీయాంప్ సిగ్నల్ ఇచ్చి కొలిచే పరికరం) కాలిబ్రేషన్ గడువు షట్‌డౌన్‌కి ముందే అయిపోయింది. అదీ వాళ్లే, వాళ్ల కాగితం మీదే రాసిచ్చారు.

అసలు ఆణిముత్యం ఇంకోటి ఉంది. ఒక బటర్‌ఫ్లై వాల్వ్ ఆక్చుయేటర్‌కి కూడా ఇదే ఐదు పాయింట్ల సర్టిఫికెట్. అది ఆన్-ఆఫ్ ఆక్చుయేటరండీ, పూర్తిగా తెరవడం, పూర్తిగా మూయడమే దాని పని. రెండు చివర్లా లిమిట్ స్విచ్‌లు (చివరి చోటుకి రాగానే ఆపేవి), టార్క్ స్విచ్‌లు (బిగింపు బలం పెరగగానే ఆపేవి), అంతే. సిగ్నల్‌ని బట్టి మధ్యలో ఆపే పొజిషనర్ కార్డు లేదు, సిగ్నల్ కలపడానికి టెర్మినలే లేదు. దానికి 12 మిల్లీయాంప్ ఇస్తే సరిగ్గా 50 శాతం తెరుచుకుందట! ఏ వైరుకి ఇచ్చారో ఆ దేవుడికే తెలియాలి. దాని లిమిట్ స్విచ్‌లు చూడాలన్నా కవరు విప్పాల్సిందే. కవరు బోల్టుల తలల మీద పాత పెయింటు ఒక్కచోట కూడా పగల్లేదు. ఆ పెయింటు మీదే కొత్త స్టిక్కర్ నిగనిగలాడుతోంది.

ఫోన్ చేశాను. పని చేసిన ఇంజినీరే ఎత్తాడు. విషయం చెప్తే నవ్వాడు. "సార్, ఆడిట్‌కి పేపర్ కావాలన్నారు, పేపర్ ఇచ్చాం కదా. వాల్వ్ పాస్ అవుతుంటే అది మీ మెకానికల్ వాళ్ల ప్రాబ్లం" అన్నాడు (పాస్ అంటే మూసినా లోపల్నుంచి లీకవడం). మరి ఆన్-ఆఫ్ దాని సంగతేంటయ్యా అంటే కాసేపు మాట లేదు. తర్వాత "ఏ ట్యాగ్ సార్? ఆ పేజీ తీసేసి రివైజ్డ్ ఫైలు పంపిస్తాం" అన్నాడు. తీసేస్తాడట! చెయ్యని టెస్టు రాయడం ఒక సర్వీసు, దాన్ని చెరిపెయ్యడం ఇంకో సర్వీసు కాబోలు. తప్పు ఎవరైనా చేస్తారు, కానీ ఆ నవ్వుకి నాకు ఒళ్లు మండిపోయింది. ఆపరేటర్ నమ్మేది స్క్రీన్ మీది అంకెనే. అదే అబద్ధం చెబితే అతను ఇంక దేన్ని చూసి ప్లాంట్ నడపాలి? పైగా సంతకం పెట్టింది మీరే కదా అని మెయిల్‌లో గుర్తుచేశారు కూడా. చాలా థాంక్స్.

మీరెవరికి ఇచ్చినా సరే, సరిచెయ్యక ముందు రీడింగు, సరిచేశాక రీడింగు రెండూ వేరువేరుగా అడగండి. యాజ్ ఫౌండ్ (సరిచెయ్యక ముందు రీడింగు) కాలమ్ ఖాళీగా ఉంటే సంతకం పెట్టొద్దు. మీ మనిషి పక్కన నిలబడి, స్క్రీన్ కాదు, వాల్వ్ స్టెమ్ (కదిలే కడ్డీ) చూస్తూ పూర్తి స్ట్రోక్ చేయించాలి. గ్లోబ్ వాల్వ్ సాధారణంగా టార్క్ మీద ఆగాలి, బటర్‌ఫ్లై లిమిట్ మీద, అది కూడా అడగండి. కవరు బోల్టుల మీద మీరే ఒక పెయింటు గీత గీసి ఉంచండి, విప్పారో లేదో తెలుస్తుంది.

ఇంకోటి మర్చిపోయాను. సిగ్నల్ వైరు ఒకటి పీకి చూడండి. సిగ్నల్ పోతే ఆక్చుయేటర్ మూసుకోవాలా, తెరుచుకోవాలా, ఉన్నచోటే ఆగాలా అన్నది మీ ప్రాసెస్‌ని బట్టి పెట్టుకునే సెట్టింగు. వాళ్ల సర్టిఫికెట్‌లో దానికీ ఒక టిక్కు ఉంది. మా గ్లోబ్ వాల్వ్ మూసుకోవాలి. వైరు పీకితే ఉన్నచోటే నిలబడింది.