కాగితం చూసి వేటజాతి కుక్కపిల్లను కొనకండి: మా మల్లి కథ

ఎవరైనా వేటజాతి కుక్కపిల్ల కోసం ఫోనులో అడ్వాన్సు పంపబోతుంటే ఒక్క రోజు ఆగి ఇది చదవండి. అది తెల్ల రాజపాళయం అయితే, మీకు అదే మొదటి కుక్క అయితే తప్పకుండా చదవండి. పద్దెనిమిది వేలు పోసి నేను తెచ్చుకున్న పిల్లకు పుట్టుచెవుడు. ఆ సంగతి తెలిసే అమ్మారని నా నమ్మకం. ఎందుకలా నమ్ముతున్నానో చెబుతాను.

మాది నెల్లూరు జిల్లాలో ఉదయగిరి వైపు, వెలిగొండల కింద మెట్ట పొలం. నాలుగెకరాల వేరుశనగ, గట్టు అవతల కొన్ని బత్తాయి చెట్లు. ఊడలు దిగి కాయ ఊరే రోజుల్లో అడవిపందులు గుంపుగా దిగుతాయి. ఒక్క రాత్రి కన్ను మూతపడితే తెల్లారేసరికి చేను నాగలి వేసినట్టు ఉంటుంది. మంచె మీద కూర్చుని డబ్బా మోగించీ మోగించీ ఇంట్లో అందరం అలసిపోయాం. మంచి జాతికుక్క ఒకటి ఉంటే గట్టు మీద నిలబడి మొరుగుతుంది, పందులు వెనక్కి మళ్లుతాయి, మనకూ కాస్త నిద్ర పడుతుంది అనుకున్నాను.

ఒక మాట ముందే చెప్పాలి. నేను వేటాడటానికి కుక్కను కొనలేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం. పందిని చంపడం, ఉచ్చు వేయడం మాత్రమే వేట అనుకునేవాళ్లు మా వైపు చాలామంది ఉన్నారు. పట్టడానికో చంపడానికో కుక్కల చేత జంతువును తరిమించడం కూడా ఆ చట్టం దృష్టిలో వేటే. కుందేలు వెనక కుక్కలను వదిలి సరదా పడే కుర్రాళ్లకు ఈ సంగతి ఎవరైనా చెప్పాలి. అందుకే పొలం కాపలాకు తెచ్చుకునే వేటజాతి కుక్కలో పరుగుకంటే, కోరకంటే ముందు చూడవలసింది ఒకటుంది: పిలవగానే వెనక్కి రావడం. గట్టు దాటి అడవిలోకి పోతున్న కుక్క ఒక్క కేకకు ఆగాలి. నేను కొన్న కుక్కకు ఆ కేక వినే చెవే లేదు.

ఏ జాతి అన్నది నేను తొందరపడే తేల్చుకున్నాను. ముధోల్, చిప్పిపారై వంటివి కంటితో చూసి తరిమే కుక్కలు. సన్నటి ఒళ్లు, పొడవాటి కాళ్లు, కదిలేది కనబడితే ఇక అంతే. రాజపాళయం వాటికంటే బరువైనది, కాపలాకు పేరున్నది, ఒకప్పుడు పందుల మీదికి తీసుకెళ్లిన జాతి. 2020 ఆగస్టులో ప్రధాని తన రేడియో ప్రసంగంలో దేశీ జాతుల పేర్లు చెప్పినప్పటి నుంచి మా చుట్టుపక్కల ఊళ్లలోనూ వీటిని అడిగేవాళ్లు పెరిగారు. అడిగేవాళ్లు పెరిగితే అమ్మేవాళ్లూ పుట్టుకొస్తారు. అలా ఒకాయన ఫోను నంబరు నా చేతికి వచ్చింది. ఊరు, పేరు ఇక్కడ రాయడం లేదు.

ఆయన మాట మెత్తన. మొదటి రోజే వంశావళి పత్రం ఫొటో పంపాడు. తండ్రి, తల్లి, తాతలు, ముత్తాతలు, మూడు తరాల పేర్లు, కింద పదిహేను అంకెల మైక్రోచిప్ సంఖ్య (కుక్కను గుర్తుపట్టడానికి చర్మం కింద పెట్టే చిప్‌ది). తర్వాత తండ్రికుక్క మెడలో పతకాలతో ఉన్న ఫొటో. ఆ తర్వాత ఆరు పిల్లలు ఆడుకునే వీడియో, నలభై సెకన్లు. అందులో మచ్చ లేని తెలుపు, గులాబీ ముక్కు ఉన్న ఆడపిల్లను చూసి మా అమ్మాయి "నాన్నా, ఇదే కావాలి" అంది. నాకూ అదే నచ్చింది. డబ్బు పంపేటప్పుడు ఖాతాలో వేరే మనిషి పేరు కనిపించింది. అడిగితే తమ్ముడి ఖాతా అన్నాడు. రసీదు అడిగితే పిల్లతో పాటు పెడతానన్నాడు. పెట్టలేదు.

బస్సులో అట్టపెట్టెలో వచ్చింది. పెట్టె విప్పగానే వణుకుతూ నా చొక్కాలో దూరింది. టీకా పుస్తకంలో పుట్టిన తేదీ చూసి లెక్క వేస్తే ముప్పై ఎనిమిది రోజులు. కుక్కల పెంపకం, అమ్మకంపై 2017లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. పెంపకందారు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర నమోదై ఉండాలి. ఈ నిబంధన నాకు అప్పుడు తెలియదు. తెలిసి ఉంటే ఆ పెట్టె విప్పే అవసరమే వచ్చేది కాదు. నెలన్నర కూడా నిండని పిల్లలో చాలా లోపాలు బయటపడవు. అంత లేత వయసులో అమ్మేయడానికి అది కూడా ఒక కారణమని ఇప్పుడు అర్థమైంది.

మల్లి అని పేరు పెట్టాం. తిండి బాగా తినేది, ఆడేది, కాళ్ల వెంట తిరిగేది. పిలిస్తే మాత్రం వచ్చేది కాదు. ఎదురుగా ఉండి చేయి చాస్తే పరుగెత్తుకు వచ్చేది, వెనక నుంచి పిలిస్తే తల కూడా తిప్పేది కాదు. జాతికుక్కలకు పొగరెక్కువ అని ఎవరో అంటే నమ్మాను. మూడో నెలలో ఒకసారి రోడ్డు వైపు పోతుంటే గొంతు చించుకుని పిలిచాను. అది పోతూనే ఉంది. పట్టుకుని రెండు దెబ్బలు వేశాను. అది ఎందుకు కొట్టానో అర్థం కాక నా ముఖం వైపే చూసింది. ఆ చూపు తలుచుకుంటే ఇప్పటికీ గుండె కలుక్కుమంటుంది.

అసలు సంగతి పొలంలో బయటపడింది. ఒక రాత్రి మల్లిని మంచె కింద కట్టి పడుకున్నాను. ఒంటిగంట దాటాక దక్షిణపు గట్టు నుంచి గుర్రుగుర్రుమని శబ్దం వచ్చింది. పక్క చేను బాబాయి తన మంచె మీద లేచి నూనె డబ్బా మోగించాడు. ఆ మోతకు ఊళ్లో కుక్కలన్నీ ఒక్కసారిగా లేచాయి. నేను దిగి టార్చి వేస్తే మల్లి ముక్కు తోక కింద పెట్టుకుని ముడుచుకుని నిద్రపోతోంది. డబ్బా మోగుతూనే ఉంది. దాని చెవి కొస కూడా కదలలేదు. వంగి వీపు మీద చేయి వేయగానే ఉలిక్కిపడి లేచింది.

బాబాయి గట్టు దాటి వచ్చి కాసేపు చూశాడు. "అబ్బాయీ, దాన్ని ఒకసారి అటు తిప్పి పట్టుకో" అన్నాడు. దాని వెనక పది అడుగుల దూరంలో నిలబడి డబ్బాను మూడుసార్లు కొట్టాడు. నా చేతుల్లో ఉన్న ఒంట్లో ఏ చలనమూ లేదు. "దీనికి వినబడదు. నువ్వు పిలిచిందీ వినలేదు, తిట్టిందీ వినలేదు" అన్నాడు. ఆ రాత్రి పందులు అర ఎకరం తిన్నాయి. నా మనసు దాని మీద లేదు.

నెల్లూరులో పశువైద్యుడికి చూపిస్తే ఆయన ఓపికగా వివరించారు. లోపలి చెవిలోనూ రంగునిచ్చే కణాలు ఉండాలి. ఒంటికి రంగు లేకుండా చేసే జన్యువుల వల్ల కొన్ని పిల్లల్లో ఆ కణాలు చెవికి చేరవు. అప్పుడు అక్కడి రక్తనాళాల పొర క్షీణించి, పుట్టిన మూడు నాలుగు వారాలకే శబ్దాన్ని పట్టే కణాలు చచ్చిపోతాయి. మందు లేదు, ఆపరేషన్ లేదు. డాల్మేషియన్ కుక్కల్లోనూ ఇదే జరుగుతుంది. రాజపాళయంలో ఈ చెవుడు ఉందన్నది ఆ జాతిని పెంచేవాళ్లందరికీ తెలిసిన విషయమే. అంటే తెల్లవన్నీ చెవిటివని కాదు. చక్కగా వినే రాజపాళయాలు ఎన్నో ఉన్నాయి. నిజాయితీ గల పెంపకందారు ప్రతి ఈతలో ప్రతి పిల్లనూ పరీక్షించి, వినబడని పిల్లను వినబడదని చెప్పి ఇస్తాడు. అలాంటి తల్లిదండ్రులను మళ్లీ జత కట్టించడు.

డాక్టరు గారు స్కానరును మల్లి భుజాల మధ్య, మెడ మీద, పక్కల రెండుసార్లు తిప్పారు. చిప్ లేదు. కాగితంలో ఉన్న పదిహేను అంకెలు వేరే కుక్కవి. నేను ఫ్రేము కట్టించాలని దాచుకున్న వంశావళి మల్లిది కాదు.

సరే, ఆ కాగితం మల్లిదే అయినా దాన్ని చూసి నేను సంతోషించాల్సింది కాదు, భయపడాల్సింది. ఇంటికి వచ్చి మొదటిసారి ప్రతి పేరూ చదివాను. తండ్రికి తండ్రిగా ఉన్న పేరే తల్లికీ తండ్రిగా ఉంది. ఒకే కుక్క పిల్లలను ఒకదానితో ఒకటి కట్టించారు. దగ్గర రక్తంలో ఇలాంటి లోపాలు రెండు వైపుల నుంచీ వచ్చి కలుస్తాయి. మూడు తరాల పేర్లు అచ్చు వేసేది ఇలాంటివి కనిపెట్టడానికే. నేను మాత్రం పేర్ల ముందున్న బిరుదులు చూసి మురిసిపోయాను.

ఆ బిరుదుల సంగతి కూడా తెలుసుకోండి. కుక్కల ప్రదర్శనలో న్యాయనిర్ణేత చూసేది ఎత్తు, ఒళ్లు, నడక, పళ్ల వరుస, రంగు. చీకట్లో గట్టు మీద అది ఏం చేస్తుందో, యజమాని కేకకు ఆగుతుందో లేదో అక్కడ ఎవరూ చూడరు. ఇంగ్లండ్‌లో వేటకుక్కలకు మొదటి ప్రదర్శన 1859లో పెట్టారు. ఆరేళ్లు తిరగకుండానే, 1865లో, పొలంలోకి తీసుకెళ్లి పనితనం చూసే పోటీ వేరుగా మొదలుపెట్టారు. అందం ఒకచోట, పని ఇంకోచోట చూడాలని వాళ్లకు అంత త్వరగా తెలిసింది. మన దగ్గర పతకం ఫొటో చూపించి పనితనం ఉందని నమ్మిస్తున్నారు.

అమ్మినాయనకు ఫోను చేశాను. మొదట "తెల్లవన్నీ మొండివే" అన్నాడు. డాక్టరు మాట చెబితే "బస్సు హారన్‌కు చెవి పోయి ఉంటుంది" అన్నాడు. చివరికి "దాన్ని ఎక్కడైనా వదిలేయండి, సగం ధరకు ఇంకొకటి ఇస్తాను" అన్నాడు. ఆ మాటకు ఒళ్లు మండిపోయింది. ఫోను పెట్టేసి ఆ పాత వీడియో తీసి, ఈసారి చెవి పెట్టి విన్నాను. పదిహేనో సెకను దగ్గర ఎవరో గిన్నె మీద గరిటెతో కొడతారు. అయిదు పిల్లలు ఆ క్షణంలోనే తల తిప్పి పరుగు తీస్తాయి. మల్లి నేల వాసన చూస్తూనే ఉంటుంది. పక్క పిల్ల దాన్ని రాసుకుంటూ పోయాకే తలెత్తి, అవన్నీ ఎటు పోతున్నాయో చూసి, వెనక పడుతుంది. ఒంటరిగా మల్లి వీడియో పంపమని నేను రెండుసార్లు అడిగాను. రెండుసార్లూ ఈతంతా కలిసి ఉన్నదే పంపాడు. తెలిసే అమ్మాడని అందుకే అంటున్నాను.

కాబట్టి కొనేముందు మీరే వెళ్లండి. పిల్లను తోబుట్టువుల నుంచి విడదీసి, ఒంటరిగా ఉన్నప్పుడు, వీలైతే నిద్రలో ఉన్నప్పుడు, దానికి కనబడకుండా వెనక నుంచి శబ్దం చేయండి. చప్పట్లు దగ్గరగా కొట్టవద్దు, గాలి తగిలినా తిరుగుతుంది. నేల మీద కాలు దబదబలాడించవద్దు, అదురు తెలుస్తుంది. తాళంచెవుల గుత్తి, గిన్నె, ఈల చాలు. ఒక చెవే పోయిన పిల్ల ఈ పరీక్షలో దొరకదు. దానికి చెవి నుంచి మెదడుకు వెళ్లే సంకేతాలను కొలిచే బేర్ పరీక్ష ఒక్కటే దారి. ఒంటిచెవి కుక్క ఇంట్లో హాయిగా బతుకుతుంది కానీ చీకట్లో శబ్దం ఏ వైపు నుంచి వచ్చిందో పోల్చుకోలేదు. పొలానికి అది పెద్ద లోటు.

పిల్లకంటే తల్లి దగ్గర ఎక్కువసేపు గడపండి. పొద్దుగూకే వేళ వెళ్లి, దాన్ని వదలమనండి, దూరం పోయాక పిలవమనండి. తిరిగి వస్తే సగం నమ్మకం అక్కడే కుదురుతుంది. తల్లిని చూపించడానికి సాకులు చెబితే లేచి వచ్చేయండి. ఇందాక చెప్పిన 2017 నిబంధనల ప్రకారమే ఆడకుక్కకు పద్దెనిమిది నెలలు నిండకుండా జత కట్టించకూడదు, జీవితంలో అయిదు ఈతలు మించకూడదు. వయసు, ఈతలు మొహమాటం లేకుండా అడగండి. చిప్ సంఖ్యను మీ కళ్ల ముందే స్కానరులో చూసి, కాగితంతో అంకె అంకె పోల్చండి. డబ్బు ఎవరి పేరున పోతోందో వాళ్ల పేరునే రసీదు తీసుకోండి. రసీదు లేకపోవడం నన్ను బాగా దెబ్బతీసింది. అయినా జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు కూడా కాగితాలు సిద్ధం చేస్తున్నాను. అయిదు లక్షల లోపు కొనుగోలుకు అక్కడ ఫీజు లేదు, రెండేళ్ల లోపు వెళ్లాలి. నాలాగే మోసపోయినవాళ్లు కూడా వదిలిపెట్టకండి.

మల్లిని ఎక్కడా వదిలేయలేదు, వదిలేది లేదు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాం. పొలానికి తాడు లేకుండా తీసుకెళ్లం. మా అమ్మాయి దానికి టార్చి వెలుగుతో పాఠాలు చెబుతోంది: రెండుసార్లు వెలిగిస్తే రావాలి, చేయి నేలకు చూపిస్తే కూర్చోవాలి. నెల రోజుల్లో నేర్చుకుంది. అంత తెలివైన కుక్కను మొండిదని కొట్టాను.

కాపలా కుక్క కోసం ఈసారి మళ్లీ వెతుకుతున్నాను, నిదానంగా. ఉదయగిరి, వింజమూరు, ఆత్మకూరు చుట్టుపక్కల ఎవరైనా పిల్లను చూడటానికి వెళ్తూ తోడు కావాలంటే ఇక్కడే ఒక మాట రాయండి. బాబాయి డబ్బా అడిగి తీసుకుని వస్తాను.